అమ్మ దిగులుకు కారణం ఉంది. అయినా డాక్టర్‌కు చూపించాలా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చేశాం. కె.ఆర్. పురం దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నేను, మా ఆయన ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఆరేళ్ళ బాబు. నాన్న గుండెపోటుతో పోయి 14 నెలలైంది. అమ్మకు 63 ఏళ్ళు. అన్నయ్య అమెరికాలో ఉండటంతో ఆరు నెలల క్రితం అమ్మను నేనే తెచ్చుకున్నాను. మొదట్లో నాన్న గురించి చెప్పుకుంటూ ఏడ్చేది, మళ్ళీ తేరుకుని బాబుతో ఆడేది, ఆయనకు ఇష్టమని ఊరిబిండి నూరి మాకు పెట్టేది. సంవత్సరీకం అయితే ఇంకాస్త కోలుకుంటుంది అనుకున్నాను. అది జరిగి రెండు నెలలైంది, అప్పట్నుంచి ఇంకా తగ్గిపోయింది. తెల్లవారుజామున మూడింటికే లేచి చీకట్లో హాల్లో కూర్చుంటుంది. తిండి సయించదు. జాకెట్లన్నీ వదులైపోయాయి. ఒళ్ళు నొప్పులు, అరికాళ్ళ మంటలు, కడుపులో మంట అంటే ముగ్గురు డాక్టర్లకు చూపించాం, అన్ని పరీక్షలూ నార్మల్ అన్నారు. మామిడికాయలు తెచ్చిపెడితే ఈ ఏడు ఆవకాయ పెట్టలేదు, అవి అలాగే పండిపోయాయి. బాబు స్కూల్ బస్సు దిగినప్పటి నుంచి సాయంత్రం దాకా అమ్మ దగ్గరే ఉంటాడు. వాడు ‘అవ్వా, కథ చెప్పు’ అంటే ‘నాకేం గుర్తు లేదు నాయనా’ అంటోంది. ఇప్పుడు ఏడవడం కూడా లేదు. ‘అల్లుడి ఇంట్లో కూర్చుని తింటున్నాను, మీకు బరువైపోయాను’ అంటుంది. మా పిన్ని ‘మొగుడు పోయిన ఆడది నవ్వుతూ తిరుగుతుందా’ అంటోంది. అన్నయ్య ‘ఊరి మీద బెంగ, ప్రొద్దుటూరు పంపించేయ్’ అంటున్నాడు. నేను ఇక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రి మాట ఎత్తితే అమ్మ ‘నన్ను పిచ్చాసుపత్రికి తీసుకుపోతావా’ అని ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఇది మామూలు బాధా, డిప్రెషనా? నేనేం చేయాలి?

ఒక కూతురు, బెంగళూరు

సమాధానం:

ముందు సూటిగా చెబుతాను. మీరు రాసినవన్నీ చూస్తే, ఇది మామూలు దుఃఖమేలే అని ఇంకా ఆగడం మంచిది కాదు. ఈ వారంలోనే అమ్మను సైకియాట్రిస్టుకు చూపించండి. నేను కౌన్సెలర్‌ని. ఉత్తరం చదివి జబ్బు పేరు తేల్చలేను, అది మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన డాక్టర్ చేయాల్సిన పని. కానీ డాక్టర్ దాకా వెళ్ళాల్సిన పరిస్థితేనా అంటే, అవునని మీ ఉత్తరమే చెబుతోంది.

మీ పిన్ని అన్న మాటలో ప్రేమ లేదని నేను అనను. అక్క బాధను ఎవరూ తప్పు పట్టకూడదనే ఆవిడ తాపత్రయం. అయితే ఆ మాట వెనక మనందరిలో ఉన్న ఒక నమ్మకం ఉంది. ఏ కారణమూ లేకుండా ఏడిస్తే జబ్బు, కారణం ఉండి ఏడిస్తే బాధ అని. ఈ నమ్మకం వల్లే ఎంతోమంది పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి వైద్యం లేకుండా ఉండిపోతున్నారు. భర్త పోయాడు కదా, పిల్లలు దూరమయ్యారు కదా, రిటైరయ్యాడు కదా, ఉండదా మరి అంటాం. మెట్ల మీంచి జారిపడి కాలు విరిగితే, ఎందుకు విరిగిందో తెలుసు కదా అని కట్టు కట్టించకుండా వదిలేస్తామా? డిప్రెషన్ చాలాసార్లు కారణంతోనే మొదలవుతుంది. ఆత్మీయులు పోవడం, ఊరు మారడం, ఒంటరితనం, దీర్ఘకాలపు జబ్బు, ఇవన్నీ దానికి దారి తీసేవే. మీ అమ్మగారికి వీటిలో మూడు ఒక్క ఏడాదిలోనే వచ్చిపడ్డాయి. కాబట్టి ‘కారణం ఉందా’ అన్న ప్రశ్నతో మీకు ఏమీ తేలదు. చూడాల్సినవి వేరే.

మొదటి ఏడాది గురించి మీరు రాసిన వాక్యాలు మళ్ళీ ఒకసారి చదువుకోండి. అప్పుడు అమ్మ నాన్నగారి కబుర్లు చెప్పి ఏడ్చేది, తేరుకునేది, ఆయన కోసమని ఊరిబిండి నూరేది. దుఃఖం అలాగే ఉంటుంది. ఉన్నట్టుండి ముంచుకొస్తుంది, కాసేపటికి తగ్గుతుంది, మధ్యలో మనవడి మాటకు నవ్వు కూడా వస్తుంది. పోయిన మనిషి లేడనే బాధ ఉంటుంది కానీ తన మీద తనకు చిన్నచూపు ఉండదు. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే కాస్త తేలికపడతారు. అమ్మ పడ్డ ఆ దుఃఖానికి మందు అక్కర్లేదు, మనుషులు చాలు. మన పెద్దలు మాసికాలని, సంవత్సరీకమని ఏడాది పొడవునా ఏదో ఒకటి పెట్టి చుట్టాలను ఇంటికి రప్పించడంలో ఎంతో మేలు ఉందని నేను నమ్ముతాను.

ఇప్పుడు రాసింది చూడండి. ఏడుపు ఆగిపోయింది. బయటికి అది కోలుకున్నట్టే కనిపిస్తుంది, కానీ అమ్మ నాన్నగారి మాట కూడా ఎత్తడం లేదు. బాధ వచ్చిపోవడం పోయి రోజంతా ఒకే తీరుగా బరువుగా ఉంటోంది. ఇంతకుముందు ఇష్టమైనవేవీ ఇప్పుడు పట్టడం లేదు. ఆవకాయ పెట్టే చేయి ఆ పని మానేసిందంటే, అది నాకు ఏ రక్తపరీక్ష కన్నా పెద్ద విషయంగా కనిపిస్తోంది. అన్నిటికంటే ముఖ్యం, బాధ ఇప్పుడు నాన్నగారి మీద నుంచి తన మీదికి తిరిగింది. ‘ఆయన లేరే’ అనే మనిషి ‘నేను ఎందుకున్నాను, మీకు బరువు’ అంటోంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు అప్పుడప్పుడూ అలా అనకపోరు. వారాల తరబడి అదే మాటైతే మాత్రం జాగ్రత్త పడాలి.

డాక్టర్లు దీన్ని ఎలా కొలుస్తారో కూడా తెలుసుకోండి, ఇందులో దాపరికమేమీ లేదు. తొమ్మిది లక్షణాలు చూస్తారు. మనసు కుంగి ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం అన్నవి మొదటి రెండు. వాటితోపాటు నిద్ర తగ్గడమో పెరగడమో, ఆకలిలో బరువులో మార్పు, నీరసం, ఏకాగ్రత లేకపోవడం, మాటలో నడకలో మందకొడితనం లేదా ఒకచోట నిలవలేనంత అలజడి, పనికిరానిదాన్నన్న భావన, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, మొదటి రెండిట్లో ఒకటి తప్పకుండా ఉండేలా, రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ ఉంటే, దానివల్ల రోజువారీ జీవితం దెబ్బతింటే, డిప్రెషన్ అని అనుమానిస్తారు. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రం ఈ తొమ్మిదింటి మీదే ఉంటుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. సాధారణంగా 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్ వివరంగా చూడాలి అంటారు. కావాలంటే అమ్మ పక్కన కూర్చుని మాటల్లో పెట్టి అడగండి. అయితే మార్కులు తక్కువ వచ్చాయని మాత్రం ఆగిపోవద్దు. మన పెద్దవాళ్ళు ‘దిగులుగా ఉందా’ అని అడిగితే ‘నాకేం, బాగానే ఉన్నా’ అనే అంటారు.

దిగులుందని నోటితో చెప్పరు కానీ, అది ఒంట్లోంచి బయటపడుతుంది. ఒళ్ళు నొప్పులు, మంటలు, గ్యాస్, తల దిమ్ము, గుండె దడ. వయసు మీద పడ్డవాళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు ఈ రూపంలోనే వస్తుంది. నొప్పి ఉందంటే ఇంట్లో అందరూ పట్టించుకుంటారు, మనసు బాగోలేదంటే ‘ఏం తక్కువైంది నీకు’ అంటారని వాళ్ళకు తెలుసు. అలాగని అమ్మ నొప్పులు నటన కాదు. ఆమెకు అవి నిజంగానే ఉన్నాయి. డిప్రెషన్‌లో నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది. పరీక్షల్లో ఏమీ లేదు కాబట్టి ‘ఇదంతా నీ భ్రమ’ అని మాత్రం ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం కూడా దీనికి బాగా తెలిసిన గుర్తే. అమ్మ పొద్దున్నే మరీ నిస్సత్తువగా ఉండి సాయంత్రానికి కాస్త కుదుటపడుతోందేమో గమనించండి. అలా ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

కథ గుర్తులేదనడం గురించి ఇంకో మాట. కొందరు దీన్ని మతిమరుపు జబ్బు అనుకుని భయపడిపోతారు. డిప్రెషన్‌లో కూడా జ్ఞాపకశక్తి తగ్గినట్టే కనిపిస్తుంది, వైద్యంతో చాలామందికి తిరిగి వస్తుంది. ఏది ఏమిటో డాక్టర్ తేలుస్తారు, మీరు ముందే దిగులు పెట్టుకోవద్దు.

అల్లుడి ఇంట్లో తింటున్నానన్న మాట దగ్గర కాస్త ఆగుతాను. మనలో ఆ తరం ఆడవాళ్ళకు కూతురి ఇంట్లో ఉండటం అంటే ఇప్పటికీ లోలోపల సిగ్గే. కొడుకు దగ్గరైతే హక్కు, కూతురి దగ్గరైతే దయ అన్నట్టు పెరిగారు. మీరెంత ప్రేమగా చూసినా ఆ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. దీన్ని మీరొక్కరే తీయలేరు, మీ ఆయన నోటి నుంచి మాట రావాలి. ‘అత్తయ్యా, మీరుంటేనే మా ఇల్లు ఇల్లులా ఉంది’ అని ఆయన ఒకసారి నిదానంగా చెప్పినా మేలే. అన్నయ్య కూడా వారానికోసారి వీడియో కాల్‌లో ‘ఎలా ఉన్నావు’ అని పెట్టేయకుండా, ఖర్చులో తన వంతు పంపి ఆ విషయం అమ్మకు తెలిసేలా చేయాలి. పెద్దవాళ్ళకు ఇలాంటివి మనం అనుకున్నదానికన్నా చాలా ముఖ్యం. భర్త పోయాక పేరంటాలకు, పూజలకు పిలుపు ఆగిపోవడం కూడా ఆడదాన్ని కుంగదీస్తుంది. శ్రావణంలో మీ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకుంటే అమ్మను లోపలి గదిలో ఉంచకండి. మీ పక్కనే పీట వేసి కూర్చోబెట్టుకోండి. పక్క ఫ్లాట్ వాళ్ళు ఏమనుకుంటారోనన్న లెక్క మీ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు.

కానీ ఈ ప్రేమ, ఈ గౌరవం వైద్యం బదులు కావు. రెండూ కావాలి.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన విషయం. ‘బరువైపోయాను’ అనే మనిషిని చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అడగాలి. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని అందరూ భయపడతారు. అలా జరగదు. చాలామందికి అడగడమే ఊరట, ఇన్నాళ్ళూ ఒంటరిగా మోసినది ఒకరితో పంచుకున్నట్టుంటుంది. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి పక్కన కూర్చుని అడగండి. ‘అమ్మా, బరువైపోయానంటున్నావు కదా, చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలని ఆలోచన వచ్చిందా?’ ఇంత తేటగానే అడగాలి. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా’ అని అడిగితే లేవనే చెబుతారు. ‘ఆయనతోపాటే పోయుంటే బాగుండేది’ అన్నా మందలించకండి, విని, ఎప్పుడెప్పుడు అలా అనిపిస్తోందో అడగండి. ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన ఉందని తెలిస్తే అమ్మను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. తిండీ నీళ్ళూ పూర్తిగా మానేసినా అంతే, అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. ఆమె జవాబు ఏదైనా సరే, ఇంట్లో ఉన్న మందులన్నీ, నాన్నగారివి మిగిలిపోయినవి కూడా, ఇవాళే మీ దగ్గర పెట్టుకోండి. అమ్మ వేసుకోవాల్సినవి ఏ పూటవి ఆ పూట మీరే ఇవ్వండి.

బాబు సంగతి కూడా చెప్పాలి. స్కూల్ నుంచి వచ్చిన పిల్లవాణ్ణి సాయంత్రం దాకా ఇప్పుడున్న స్థితిలో ఆమె ఒక్కరే చూసుకోవడం ఆమెకూ భారమే, వాడికీ మంచిది కాదు. మీకు కోపం వచ్చినా ఈ మాట అనక తప్పడం లేదు. కొన్ని నెలల పాటు డేకేర్ చూడండి, లేదా పనిమనిషిని ఆ గంటలకు పెట్టుకోండి, లేదా మీరిద్దరూ వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు పంచుకోండి. పగలంతా అమ్మ ఒక్కరే ఉండకుండా చూసుకోవడానికి కూడా ఇది అవసరం. అయితే ‘నువ్వు చూసుకోలేవు కాబట్టి’ అని చెప్పొద్దు, బరువైపోయానన్న భావన ఇంకా పెరుగుతుంది. ‘నువ్వు కాస్త కోలుకునేదాకా’ అనండి.

ఇక నిమ్హాన్స్ దగ్గరికి వద్దాం. అమ్మ భయం నాకు అర్థమవుతుంది. కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో ఆ పేరు తరతరాలుగా ఒకే అర్థంలో వాడారు. ఆ భయం ఊరికే రాలేదు. మైసూరు రాజ్యపు మెంటల్ హాస్పిటల్, 1954లో మొదలైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, ఈ రెండూ కలిసి 1974లో నిమ్హాన్స్ అయింది. కానీ ఇవాళ హోసూరు రోడ్డు మీద ఆ గేటు ముందు దిగేవాళ్ళలో ఫిట్స్ వచ్చేవాళ్ళుంటారు, పక్షవాతం వచ్చినవాళ్ళుంటారు, మెదడులో గడ్డకు ఆపరేషన్ చేయించుకునేవాళ్ళుంటారు. పెద్ద వయసువాళ్ళ మానసిక సమస్యలు చూసే వైద్య బృందం కూడా ఉంది. మన జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు ఎంతమందంటే, ఓపీలో కూర్చుంటే పక్క బెంచీ మీద తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. పొద్దున్నే వెళ్ళండి, రద్దీ ఎక్కువ, కొత్త రిజిస్ట్రేషన్‌కు, మొదటిసారి వివరంగా మాట్లాడటానికి సగం రోజు పైగా పట్టవచ్చు. అమ్మకు అంతసేపు కూర్చునే ఓపిక లేకపోయినా, ఆ పేరే వద్దన్నా, నిమ్హాన్స్‌తోనే మొదలుపెట్టాలని నియమమేమీ లేదు. కోరమంగళలోని సెయింట్ జాన్స్ లాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో, మీ ఇంటి దగ్గరి పెద్ద ఆసుపత్రుల్లో కూడా సైకియాట్రీ విభాగాలు ఉంటాయి. ఇప్పటికే అమ్మను చూసిన ఫిజీషియన్‌లలో ఆమెకు నమ్మకమున్న ఒకరితో ముందే మాట్లాడి, ఆయన నోటితోనే ‘ఈ డాక్టర్‌కు కూడా ఒకసారి చూపించండమ్మా’ అనిపించండి. మన ఇళ్ళల్లో కూతురు వందసార్లు చెప్పినదానికన్నా డాక్టర్ ఒకసారి చెప్పినదానికి విలువ ఎక్కువ.

ఒక్కటి మాత్రం చేయకండి. కాళ్ళ నొప్పుల డాక్టర్ అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళకండి. చాలామంది అలాగే చేస్తారు. లోపలికి వెళ్ళాక బోర్డు చూసి పెద్దవాళ్ళు నోరు కట్టేసుకుంటారు, ఆ తర్వాత మిమ్మల్ని కూడా నమ్మరు. నిజమే చెప్పండి, ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ‘రెండు నెలలుగా నువ్వు నిద్రపోవడం లేదు, తినడం లేదు, చిక్కిపోయావు. దిగులు ఎక్కువైతే ఒంట్లోనూ ఇలా వస్తుందట, దానికి మందులున్నాయట. నేను పక్కనే ఉంటాను. ఒక్కసారి మాట్లాడి వద్దాం, ఆ తర్వాత నీ ఇష్టం.’ ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. డిప్రెషన్ అన్న మాట కూడా అవసరం లేదు.

వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ, వేసుకునే మాత్రల పేర్లన్నీ పట్టుకెళ్ళండి. నిద్ర, తిండి, బరువు, మాట్లాడే మాటలు ఎప్పట్నుంచి ఎలా మారాయో ఒక కాగితం మీద రాసుకోండి. మీరు నాకు రాసిన ఉత్తరమే సగం పని చేస్తుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్, సోడియం పరీక్షలు ఇదివరకు జరిగాయా చూడండి, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా ఇలాంటి లక్షణాలే రావచ్చు. ఇంత బరువు తగ్గడానికి శరీరంలో వేరే కారణమేదైనా ఉందా అన్నది కూడా డాక్టర్ చూస్తారు. అమ్మ డాక్టర్‌తో విడిగా కాసేపు మాట్లాడేలా చూడండి. మీ ముందు చెప్పలేనివి ఉంటాయి. ఆమె డాక్టర్‌తో చెప్పుకున్న మాట గోప్యంగా ఉండాలన్నది 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చిన హక్కు కూడా. డాక్టర్‌కు తెలుగు రాకపోతే తెలుగు వచ్చిన సైకాలజిస్టు ఉన్నారా అని మొహమాటపడకుండా అడగండి. మందు ఏ భాషలో రాసిచ్చినా ఒకటే, కానీ మనసులో మాట చెప్పుకోవాలంటే సొంత భాషే కావాలి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి ఆ తర్వాత సైకియాట్రీ చేసిన డాక్టర్, మందు రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో చికిత్స చేస్తారు. మీ అమ్మగారికి ముందు సైకియాట్రిస్టే కావాలి.

మందుల గురించి మీకు తెలిసి ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. డిప్రెషన్‌కు ఇప్పుడు ఎక్కువగా రాసే సెర్ట్రలీన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి మత్తుమందులు కావు, అలవాటుగా మారి వదలనివీ కావు. పెద్ద వయసులో తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, కాస్త అలజడి ఉండవచ్చు, మేలు మాత్రం కనిపించదు. సరిగ్గా అక్కడే చాలా కుటుంబాలు మందు ఆపేస్తాయి. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పెద్దవాళ్ళలో ఇంకా ఎక్కువే పట్టవచ్చు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు, ఈ వయసులో తరచుగా అంతకన్నా ఎక్కువ కాలం కొనసాగిస్తారు. ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా మానకూడదు. పెద్దవాళ్ళలో కొందరికి వీటివల్ల రక్తంలో సోడియం తగ్గుతుంది. మందు మొదలైన వారాల్లో అమ్మ అయోమయంగా మాట్లాడినా, మరీ మగతగా ఉన్నా, తూలి పడబోయినా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఇంకో విషయం, నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్ర తెచ్చి ఇవ్వకండి. అలవాటు పడేది నిజానికి వాటికే. పైగా ఈ వయసులో రాత్రిపూట లేచి తూలి పడి తుంటి విరిగే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఏం చేయాలి? ‘ధైర్యంగా ఉండు’, ‘మనసు మళ్ళించుకో’ అన్న మాటలు ఆపేయండి. ఆమె చేతనైతే ఆ పని ఎప్పుడో చేసేది. ‘గుడికి వెళ్దామా’ అని అడిగితే వద్దనే అంటుంది, ఎందుకంటే ఈ జబ్బులో ఇష్టం ముందు పుట్టి తర్వాత పని జరగదు. పని మొదలయ్యాక ఎప్పటికో కాస్త ఇష్టం వస్తుంది. కాబట్టి చిన్న పనిని ఆమెతో కలిసి చేయండి. సాయంత్రం చెయ్యి పట్టుకుని కింద పార్కులో పది నిమిషాలు నడవండి. చిక్కుడుకాయలు ముందు పెట్టుకుని ఇద్దరూ ఒలవండి, ఆమె మాట్లాడకపోయినా పర్వాలేదు. మీ అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ గార్డు, కూరగాయల బండి అబ్బాయి, పైఅంతస్తులో మనవల కోసం వచ్చిన అవ్వలు, వీళ్ళలో తెలుగువాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోరు. కె.ఆర్. పురంలో భాష రాక ఒంటరైపోయినవాళ్ళు తక్కువ, తలుపులు మూసుకుని ఉండటం వల్ల ఒంటరైనవాళ్ళే ఎక్కువ. మందు పని మొదలుపెట్టి ఆమెకు కాస్త ఓపిక వచ్చాక ఈ పరిచయాలు పనికొస్తాయి. మొదటి వారమే నలుగురిలో కూర్చోబెట్టి హింసించకండి.

అన్నయ్య అన్నదాంట్లో సగం నిజం ఉంది. 40 ఏళ్ళ కాపురం, ఆ వీధి, ఆ వాకిలి, తనకంటూ ఒక తాళంచెవి, అన్నీ ఒక్కసారిగా పోయాయి. ఆ బెంగ నిజమైనదే. కానీ ఇప్పుడు, ఈ స్థితిలో, ఖాళీ ఇంట్లో ఒంటరిగా వదలడం ప్రమాదం. ఊరు బెంగను తీర్చవచ్చు, ఈ జబ్బును మాత్రం ఊరొక్కటే నయం చేయలేదు. ముందు వైద్యం మొదలుకానివ్వండి, నిద్ర, తిండి కుదుటపడనివ్వండి. డాక్టర్ సరేనన్నాక మీరో పిన్నో తోడుండి ఒక పది రోజులు ప్రొద్దుటూరు తీసుకెళ్ళండి. కోలుకున్నాక ఎక్కడ ఉండాలన్నది అమ్మే తేల్చుకోవాలి. ఆమె ఊళ్ళోనే ఉంటానంటే, పిన్ని ఇంటి దగ్గర్లో ఎలా వీలవుతుందో అప్పుడు అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ‘ఊరికి నిన్ను ఎప్పటికీ పంపం’ అని మాత్రం ఇప్పుడు అనొద్దు. ఆ ఇల్లు అమ్మేసే మాట అన్నయ్య ఎత్తితే, ఈ ఏడాది వద్దని గట్టిగా చెప్పండి.

ఇదంతా మీ ఇంట్లోనే ఎందుకు వచ్చిందని కుమిలిపోవద్దు. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, ప్రతి 20 మంది పెద్దల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలైనవాళ్ళేనని తేలింది. ఇలాంటి జబ్బులున్న ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి వైద్యం అందడం లేదు. ఆ 85లో అమ్మ ఉండకుండా చూడటం మీ చేతుల్లో ఉంది. నాన్న పోయింది మీకూ కదా, ఈ హడావుడిలో మీరు ఏడ్చారా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది కూడా ఎవరితోనైనా చెప్పుకోండి.

అమ్మ ఎంత చెప్పినా రానంటే, మీరొక్కరే ముందు వెళ్ళి డాక్టర్‌తో మాట్లాడవచ్చు, ఎలా ఒప్పించాలో వాళ్ళు చెబుతారు. ఇవాళ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416కు చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఉచిత సేవ అది, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ కలిశాక భాష ఎంచుకోమంటారు. జబ్బుపడ్డవాళ్ళే చేయాలని లేదు, మీరు కూతురిగా చేసి అడగవచ్చు. అన్నయ్యకు, పిన్నికి ఈ సమాధానం చదివి వినిపించండి. డాక్టర్ ఏమన్నారో నాకు రాయండి.